మృతకణాలు వాటంతట అవే రాలుతుంటే స్క్రబ్ ఎందుకు?

ముఖం మీద పేరుకున్న మృతకణాలను తీసెయ్యడమే ఎక్స్‌ఫోలియేషన్. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే మొదలవుతుంది. వారానికి రెండుసార్లు స్క్రబ్ చేయాల్సిందేనని ఒకరంటారు. స్క్రబ్ ముట్టుకుంటే చర్మం చీరుకుపోతుందని ఇంకొకరంటారు. గ్లైకాలిక్ యాసిడ్ లేనిదే ముఖానికి మెరుపు రాదని కొందరు, యాసిడ్ పేరెత్తితేనే హడలిపోయేవాళ్లు కొందరు. విటమిన్ ఏ రకమైన రెటినాల్ వాడుతుంటే మిగతావన్నీ దండగ అనేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. వేరువేరు పద్ధతుల్లో, చర్మంలో వేరువేరు చోట్ల పనిచేసే నాలుగైదు రకాల వస్తువులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం. చిక్కంతా అక్కడుంది. అందుకే ఒకరికి పనికొచ్చిన సలహా మరొకరి ముఖాన్ని మండిస్తుంది.

ముందు చర్మం సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ పని అది ఎలాగూ రోజూ చేస్తూనే ఉంటుంది.

మన చర్మం పైభాగాన్ని ఎపిడెర్మిస్ అంటారు. దాని అడుగున కొత్త కణాలు పుడుతుంటాయి. పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ, చదునుగా మారుతూ, చివరికి ప్రాణం లేని పలచటి రేకులా అయి రాలిపోతుంది. ఈ ప్రయాణానికి పెద్దవాళ్లలో నాలుగు నుంచి ఆరు వారాలు, వయసు మళ్లినవాళ్లలో ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నిటికంటే పైనున్న మృతకణాల పొర పేరు స్ట్రాటమ్ కార్నియం. ముఖం మీద దాని మందం మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది, అంతే. ఎక్స్‌ఫోలియేషన్ పేరుతో మనం చేసేదంతా ఈ కాస్త మందంలోనే.

ఈ పొరను శాస్త్రవేత్తలు ఇటుకల గోడతో పోలుస్తారు. మృతకణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు అనే కొవ్వులు సిమెంటు. లోపలి నీరు బయటికి ఆవిరైపోకుండా, బయటి క్రిములూ రసాయనాలూ లోపలికి రాకుండా కాపాడేది ఈ గోడే. ప్రకటనల్లో ‘మృతకణాలు’ అన్న మాట వింటే అదేదో ఊడ్చెయ్యాల్సిన చెత్తలా అనిపిస్తుంది. నిజానికి మన రక్షణంతా ఆ చెత్తతోనే కట్టి ఉంది. కాబట్టి మృతకణాలన్నిటినీ తీసెయ్యాలనుకోవడం మొదట్లోనే తప్పుదారి. పై వరుసల్లో వదులై, రాలిపోవాల్సింది రాలకుండా అతుక్కుని ఉన్నవాటితోనే మనకు పని.

అవి ఎందుకు అతుక్కుపోతాయి? కణాన్ని కణంతో పట్టి ఉంచే ప్రొటీన్ ముడులు కొన్ని ఉంటాయి. సమయం వచ్చాక చర్మంలోని ఎంజైములే ఆ ముడులను తెంచుతాయి. అప్పుడు కణాలు ఒక్కొక్కటిగా, కంటికి కనిపించనంత చిన్నగా రాలిపోతాయి. ఈ ఎంజైములు పనిచేయాలంటే నీరు కావాలి. చర్మం పొడిబారితే వాటి పని మందగిస్తుంది, ముడులు తెగవు, కణాలు గుంపులుగా అతుక్కుని పొట్టులా పైకి లేస్తాయి. ఆ పొట్టును చూడగానే చాలామంది చేసే మొదటి పని స్క్రబ్‌తో రుద్దడం. అప్పటికే నీరు కోల్పోతున్న గోడను ఇంకా పలచన చేయడమే అది. మర్నాటికి పొట్టు మళ్లీ లేస్తుంది, మళ్లీ రుద్దుతారు. అలాంటి ముఖానికి రెండు వారాలపాటు మంచి మాయిశ్చరైజర్ రాసి చూస్తే, ఏమీ రుద్దకుండానే పొట్టు తగ్గడం కనిపిస్తుంది. నీరు అందిన ఎంజైములు తమ పని తాము చేసుకుంటాయి. నా దృష్టిలో అన్నిటికంటే చవకైన, ప్రమాదం లేని ఎక్స్‌ఫోలియేషన్ ఇదే. కానీ దీన్ని ఆ పేరుతో ఎవరూ అమ్మరు.

మరి బయటి సాయం ఎప్పుడు అవసరం? వయసు పెరిగి కణాలు రాలే వేగం తగ్గినప్పుడు, ముఖం గరుకుగా, కళ తప్పినట్టు ఉన్నప్పుడు, రోమకూపాలు మృతకణాలూ జిడ్డూ కలిసి మూసుకుపోయి బ్లాక్‌హెడ్స్, తెల్లని చిన్న పొక్కులు వస్తున్నప్పుడు, మొటిమలు తగ్గాక మిగిలిన మచ్చలు మెల్లగా పోతున్నప్పుడు. ఇవేవీ లేకుండా చర్మం నున్నగా, ఇబ్బంది లేకుండా ఉంటే ఎక్స్‌ఫోలియేషన్ చేయకపోయినా కొంపేమీ మునగదు. గడ్డం గీసుకునేవాళ్లకైతే రేజర్ వెళ్లిన మేర పైపొర కొంత ఎలాగూ పోతూనే ఉంటుంది.

రుద్ది తీసే పద్ధతి

స్క్రబ్‌లు, బ్రష్‌లు, గరుకు గుడ్డలు అన్నీ ఒక్కలాగే పనిచేస్తాయి. రాపిడితో పైనున్న వదులు కణాలను ఊడగొడతాయి. ఫలితం వెంటనే చేతికి తెలుస్తుంది, ఆ సుఖం కోసమే చాలామంది వీటిని వదల్లేరు. ఇబ్బందల్లా రాపిడికి విచక్షణ లేకపోవడమే. వదులుగా ఉన్న కణమేది, ఇంకా పని చేస్తున్న కణమేది అన్న తేడా దానికి తెలియదు. ముక్కు మీద చర్మానికీ చెంప మీద చర్మానికీ ఒకే ఒత్తిడి పడుతుంది. ఎర్రగా వాచిన మొటిమ మీద రుద్దితే అది పగిలి వాపు పెరుగుతుంది. పైగా ఎంత గట్టిగా రుద్దినా రోమకూపం లోపలికి స్క్రబ్ దిగదు. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండటానికి కారణం మురికి కాదు కాబట్టి దాన్ని కడిగి తెల్లబరచడమూ కుదరదు. గాలి తగిలి రంగు మారిన పదార్థం అది.

గింజల పొట్టు పొడి చేసి కలిపిన స్క్రబ్‌లు చర్మంలో కంటికి కనిపించని చీలికలు చేస్తాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అమెరికాలో 2016లో ఒక పేరున్న స్క్రబ్ మీద ఇదే ఆరోపణతో కేసు కూడా వేశారు. ఆ చీలికల వల్ల చర్మానికి హాని జరుగుతుందనడానికి తగిన ఆధారం చూపలేదంటూ 2018లో కోర్టు దాన్ని కొట్టేసింది. అలాగని గరుకు స్క్రబ్ మంచిదని కోర్టు సర్టిఫికెట్ ఇచ్చిందనుకోకూడదు. అంచులు పదునుగా ఉండే పొడులకన్నా గుండ్రటి, మెత్తటి రేణువులు మేలన్నది మామూలు ఇంగితం. ఒకప్పుడు ఆ గుండ్రటి రేణువులుగా ప్లాస్టిక్ పూసలు వాడేవాళ్లు. అవి నీళ్లతో కొట్టుకుపోయి నదుల్లో, సముద్రాల్లో చేరుతున్నాయని అమెరికా 2015లో వాటికి వ్యతిరేకంగా చట్టం చేసింది, 2018లో బ్రిటన్ నిషేధించింది.

స్క్రబ్ అంటేనే ఇష్టమైతే తడి ముఖం మీద వేళ్ల కొసలతో, అర నిమిషం పాటు, దాదాపు ఒత్తిడి లేకుండా తిప్పి గోరువెచ్చని నీళ్లతో కడిగేస్తే సరిపోతుంది. ఎండకు కమిలిన ముఖం మీద, గాయం మీద మాత్రం వద్దే వద్దు.

యాసిడ్ సీసా మీద రాయని సంగతి

యాసిడ్ అనగానే కాలడం గుర్తొస్తుంది గానీ తక్కువ మోతాదులో ఇవి చేసే పని అది కాదు. కణాల మధ్య పట్టును సడలిస్తాయి, అంతే. మిగతా పని చర్మమే చూసుకుంటుంది. వీటి చరిత్ర మొదలైంది అందం కోసం కూడా కాదు. ఇక్తియోసిస్ అని, చర్మం దళసరిగా పొలుసులు కట్టే జబ్బు ఒకటుంది. గ్లైకాలిక్, లాక్టిక్ లాంటి యాసిడ్లు రాస్తే ఆ పొలుసులు వదులవుతున్నాయని 1974లో యూజీన్ వాన్ స్కాట్, రూయీ యు అనే పరిశోధకులు ప్రచురించారు. ఇప్పుడు సీరమ్‌లలో, టోనర్లలో కనిపించే ఏహెచ్‌ఏ (ఆల్ఫా హైడ్రాక్సీ యాసిడ్ల) కుటుంబం అలా వెలుగులోకి వచ్చింది.

ఈ కుటుంబంలో గ్లైకాలిక్ అణువు అన్నిటికంటే చిన్నది. అందుకే త్వరగా లోపలికి దిగుతుంది, ప్రభావం ఎక్కువ, మంట కూడా ఎక్కువే. లాక్టిక్ దానికంటే కాస్త పెద్దది, నెమ్మది, పైగా చర్మంలో తేమను కూడా పట్టి ఉంచుతుంది. మాండెలిక్ అణువు బరువు గ్లైకాలిక్‌కు సరిగ్గా రెట్టింపు. సున్నితమైన చర్మాలకు దీన్ని సూచించడానికి కారణం అదే. వీటికంటే పెద్దవి, ఇంకా మెతకవి పీహెచ్‌ఏలు (పాలీహైడ్రాక్సీ యాసిడ్లు). గ్లూకోనోలాక్టోన్ వాటిలో ఒకటి. ఇవన్నీ నీటిలో కరిగేవి. శాలిసిలిక్ యాసిడ్ దారి వేరు, అది నూనెలో కరుగుతుంది. జిడ్డుతో నిండిన రోమకూపంలోకి దూరి అక్కడి మృతకణాల బిరడాను వదులు చేయగలదు. బ్లాక్‌హెడ్స్‌కూ, మొటిమలు వచ్చే జిడ్డు చర్మానికీ దీన్నే ముందు చెప్పడానికి కారణం ఈ గుణమే. మొటిమలకు ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మందుల్లో ఇది అరశాతం నుంచి 2 శాతం వరకు ఉండవచ్చని అమెరికా నిబంధన. ఆస్పిరిన్ పడనివాళ్లు దీన్ని వాడేముందు డాక్టరును అడగాలి, రెండూ ఒకే కుటుంబానివి.

ఇక అసలు విషయం. సీసా మీద పెద్ద అక్షరాలతో ‘10 శాతం’ అని ఉంటుంది. మనం 5 శాతం కన్నా 10 శాతం ఘాటు అనుకుంటాం. అన్నిసార్లూ అలా ఉండదు. నీటిలో కలిసిన యాసిడ్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మార్పు లేని యాసిడ్ రూపం, రెండోది విద్యుదావేశం ఉన్న లవణ రూపం. కణాల మధ్య ఉండే కొవ్వు పొరను దాటి సులువుగా లోపలికి వెళ్లగలిగేది మొదటిదే. ఏ రూపం ఎంత ఉంటుందన్నది ఆ ద్రావణం పీహెచ్ తేలుస్తుంది. పీహెచ్ అంటే ఆమ్లతను కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. గ్లైకాలిక్ విషయంలో పీహెచ్ 3.8 దగ్గర రెండూ సగం సగం. పీహెచ్ అంతకంటే పెరిగేకొద్దీ పనిచేసే రూపం వేగంగా పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక సీరమ్‌లో 10 శాతం గ్లైకాలిక్ ఉంది, పీహెచ్ 4.5. అందులో పనిచేసే రూపంలో ఉండేది 2 శాతం లోపే. ఇంకో సీరమ్‌లో ఉన్నది 5 శాతమే, కానీ పీహెచ్ 3.5. అందులో పనిచేసే భాగం దాదాపు 3.4 శాతం. అంటే లేబుల్ మీద చిన్న అంకె ఉన్నదే ముఖం మీద గట్టిగా పడుతుంది. ఒకే శాతం ఉన్న రెండు కంపెనీల సీరమ్‌లలో ఒకటి ఏమీ అనిపించకపోవడం, మరొకటి చురుక్కుమనడం వెనక తరచూ ఉండే కారణం ఇదే. చాలా కంపెనీలు పీహెచ్‌ను సీసా మీద రాయవు, రాస్తే బాగుండేది. అమెరికాలో సౌందర్య సాధనాల్లోని పదార్థాలను సమీక్షించే నిపుణుల మండలి 1998లో ఇచ్చిన తీర్పులో రెండు అంకెలనూ కలిపే చెప్పింది. ఇళ్లలో వాడే వాటిలో గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్లు 10 శాతం దాటకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు, ఎండ నుంచి రక్షణ సంగతి కూడా చూడాలి అని. శాతం ఒక్కటే చూసి కొనేవాళ్లకు ఇందులో సగం సమాచారమే అందుతోంది.

ఇంకో మాట. మంటపుడితేనే పనిచేస్తున్నట్టు అని చాలామంది నమ్మకం. యాసిడ్ రాసిన మొదటి నిమిషంలో కాస్త చిమచిమలాడితే పర్వాలేదు. అది తగ్గకుండా మంటగా మారితే వెంటనే కడిగెయ్యాలి, ఓర్చుకున్నందుకు అదనపు ఫలితమేమీ రాదు. నిమ్మరసం, వంటసోడా ప్రయోగాలు కూడా ఇక్కడే పక్కన పెట్టేయాలి. చర్మం పైభాగం సహజంగానే కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 5 అటూ ఇటూగా ఉంటుంది. సెరమైడ్లు తయారు కావడానికి ఆ ఆమ్లత అవసరం. వంటసోడా నీళ్ల పీహెచ్ 8 పైమాటే. నిమ్మరసం దానికి విరుద్ధం, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. పైగా నిమ్మజాతి పండ్లలో, ముఖ్యంగా తొక్కలో, ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్ల మరకలు రావచ్చు.

ఎంజైములు, జెల్‌లు, రెటినాల్

బొప్పాయి, అనాస పండ్ల నుంచి తీసిన ఎంజైములు పై కణాల ప్రొటీన్‌ను కరిగిస్తాయి. సాధారణంగా మెతకగానే ఉంటాయి, ఫలితం కూడా అంతంతమాత్రం. ముఖం మీద రుద్దగానే తెల్లటి ఉండలు రాలే పీలింగ్ జెల్‌లు చూసే ఉంటారు. ఆ ఉండలన్నీ మన మృతకణాలే అనుకుంటే పొరపాటు. జెల్‌లోని చిక్కటి పదార్థమే రుద్దినప్పుడు చాలావరకు అలా ఉండలు కడుతుంది. 

రెటినాల్‌నూ, ట్రెటినాయిన్‌నూ ఈ జాబితాలో చేర్చడం వల్ల పెద్ద గందరగోళమే వచ్చింది. ఇవి పైనున్న కణాలను ఊడగొట్టవు. లోపలి బతికున్న కణాల కేంద్రకాలకు సంకేతాలు పంపి, కొత్త కణాలు పుట్టే, ఎదిగే తీరునే మారుస్తాయి. మొదటి వారాల్లో పొట్టు లేవడం వాటి దుష్ప్రభావం. ఆ పొట్టును చూసి పైన స్క్రబ్, దాని మీద యాసిడ్ మొదలుపెట్టేవాళ్లు చర్మాన్ని రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తున్నట్టే. ఈ రెండింటినీ రెటినాయిడ్లు అంటారు, అవి అలవాటయ్యే వరకు మిగతావి ఆపెయ్యడం మంచిది. ఆ సమయంలో ముఖానికి వ్యాక్సింగ్ చేయించుకుంటే చర్మం కూడా ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

ఎండ, మచ్చలు, రంగు

ఏహెచ్‌ఏలు వాడేవాళ్లకు సన్‌స్క్రీన్ గురించి చెప్పే జాగ్రత్త ఆనవాయితీగా చెప్పే మాట కాదు. 10 శాతం గ్లైకాలిక్ యాసిడ్‌ను, 3.5 పీహెచ్ దగ్గర, నాలుగు వారాలు రాసిన చర్మం అతినీలలోహిత కిరణాలకు ఎర్రబడే గుణం సగటున 18 శాతం పెరిగింది, కణాలకు జరిగే నష్టం రెట్టింపైంది. అమెరికాలో మందులను, సౌందర్య సాధనాలను నియంత్రించే ఎఫ్‌డీఏ చెప్పిన లెక్క ఇది. వాడకం ఆపాక వారంలో చర్మం మామూలు స్థితికి వచ్చింది. ఏహెచ్‌ఏ ఉన్నవాటి మీద ఎండ హెచ్చరిక రాయాలని, వాడకం ఆపిన వారం వరకూ జాగ్రత్త పాటించమని అందులో చెప్పాలని 2005లో ఎఫ్‌డీఏ కంపెనీలకు సూచించడానికి ఆధారం ఇదే. కాబట్టి యాసిడ్‌ను రాత్రి రాసుకున్నంత మాత్రాన గండం గడవదు. రాసుకోని రోజుల్లో కూడా పగలు సన్‌స్క్రీన్ ఉండాలి. సన్‌స్క్రీన్ రాసుకునే ఓపిక లేనివాళ్లు గ్లైకాలిక్ జోలికి వెళ్లకపోవడమే లాభం.

చామనచాయ, నలుపు చర్మాలవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఈ చర్మాల్లో ఏ చిన్న వాపు వచ్చినా, కమిలినా అక్కడ మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా తయారై నల్లటి మచ్చ మిగులుతుంది. అది పోవడానికి నెలలు పట్టవచ్చు. మచ్చ పోవాలని గట్టిగా రుద్దడం, దాంతో మచ్చ ఇంకా ముదరడం, ఇంకా గట్టిగా రుద్దడం అన్న వలయంలో చిక్కుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఇలాంటి చర్మానికి వేగం శత్రువు. తక్కువ శాతం, మెతక యాసిడ్, ఎక్కువ రోజులు అన్నదే సరైన పద్ధతి.

ఎక్స్‌ఫోలియేషన్‌తో ముఖం తెల్లబడుతుందా? పైపొరలో పేరుకున్న ట్యాన్ కాస్త త్వరగా పోవచ్చు. గరుకుతనం పోయి ఉపరితలం నున్నగా అయితే వెలుతురు ఒకే తీరుగా పడి ముఖం మెరిసినట్టు కనిపిస్తుంది. మొదటి రోజే కనిపించే గ్లో రహస్యం ఇదే. పుట్టుకతో వచ్చిన రంగును నిర్ణయించే కణాలు ఎపిడెర్మిస్ అడుగున ఉంటాయి, పైన ఎంత తోమినా అవి మారవు. గుంటలు పడిన మొటిమల మచ్చలకూ, లోతైన ముడతలకూ కూడా ఇంట్లో చేసే ఎక్స్‌ఫోలియేషన్ చేయగలిగేది చాలా తక్కువ. రోమకూపాలు శాశ్వతంగా మూసుకుపోవడం, చిన్నవైపోవడం జరగవు. లోపలి బిరడా పోతే చిన్నగా కనిపిస్తాయి, అంతవరకే.

ఎన్నాళ్లకోసారి?

అందరికీ సరిపోయే అంకె లేదు గానీ మొదలుపెట్టడానికి వారానికి ఒకసారి మంచిది. రెండు మూడు వారాలు చూసి, చర్మం ఏమీ అనకపోతే రెండుసార్లు చేయవచ్చు. జిడ్డు చర్మం శాలిసిలిక్‌ను ఇంకా తరచుగా తట్టుకోవచ్చు. పొడి చర్మానికి వారానికి ఒకసారి కూడా ఎక్కువ కావచ్చు. ఫేస్‌వాష్‌లో ఒక యాసిడ్, టోనర్‌లో ఒకటి, సీరమ్‌లో ఒకటి ఉన్న సంగతి చాలామంది గమనించరు. వారానికి రెండుసార్లే అనుకుంటూ రోజుకు మూడుసార్లు చేస్తున్న కేసులు ఇవే. లేబుల్ వెనక పదార్థాల జాబితా ఒకసారి చదివితే ఈ లెక్క తేలిపోతుంది. ఫేస్‌వాష్‌లోని యాసిడ్ నిమిషంలో కడుక్కుపోతుంది కాబట్టి దాని ప్రభావం తక్కువే, కానీ సున్నా అనుకోలేం.

ఎక్కువైందని చర్మం ముందే చెబుతుంది. రోజూ రాసుకునే మామూలు మాయిశ్చరైజర్ ఉన్నట్టుండి చురుక్కుమంటుంది. ముఖం బిగుసుకుపోయినట్టు, నూనె రాసిన మెరుపులా కాకుండా గాజులాంటి ఒక మెరుపుతో ఉంటుంది. దీన్నే గ్లో అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. తర్వాత ఎరుపు, పొట్టు, చిన్న చిన్న పొక్కులు వస్తాయి. ఆ పొక్కులను చూసి ఇంకో యాసిడ్ కొనడం పరిపాటి. అప్పుడు చేయాల్సింది అన్నీ ఆపెయ్యడం. మెతక క్లెన్సర్, సెరమైడ్లు లేదా గ్లిజరిన్ ఉన్న సాదా మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఈ మూడు తప్ప ఏమీ వద్దు. పైపై దెబ్బ అయితే కొద్దిరోజుల్లోనే తేరుకుంటుంది. నెలల తరబడి అతి చేసి ఉంటే కొన్ని వారాలు ఓపిక పట్టాలి. తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తే ఒకే ఒక్క వస్తువుతో, మునుపటి కంటే సగం సార్లతో మొదలుపెట్టాలి.

ఎగ్జిమా, రోజేషియా (ముఖం తరచూ ఎర్రబడే జబ్బు) ఉన్నవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నవాళ్లు, గర్భిణులు సొంతంగా ఏదీ మొదలుపెట్టకుండా చర్మ వైద్యులను అడగాలి. ఇంటర్నెట్‌లో దొరికే 30 శాతం, 50 శాతం పీల్ (చర్మం పైపొరను ఊడదీసే ఘాటు యాసిడ్) సీసాల సంగతి వేరే చెప్పాలి. ఆ మోతాదుల్లో యాసిడ్ చేసేది సడలించడం కాదు, కాల్చడమే. క్లినిక్‌లో అయితే ఎన్ని నిమిషాలు ఉంచాలో, ఎప్పుడు కడిగి ఆపాలో తెలిసినవాళ్లు పక్కన ఉంటారు. నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఇలాంటి పీల్స్ కొనొద్దు, వాడొద్దు అని ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. రసాయన కాలిన గాయాలు, రంగు మార్పులు, శాశ్వత మచ్చలు రావచ్చని అందులో ఉంది. ఆ సీసా కొనే డబ్బుతో ఒకసారి డాక్టరుకు చూపించుకోవచ్చు.